చీటీల మధ్య జీవితము: జేమ్స్ మర్రే

పాత ఇంగ్లీషు బైబిలులో కోరహు కథను చదువునప్పుడు 'క్విక్' అను చిన్న మాటకు త్వరగా అని మేము చాలకాలము తలంచితిమి. అక్కడ దాని అర్థము ప్రాణముతో నుండగా అని. ఇట్టి మరుగుపడిన అర్థములను, వీధిమాటలను సహితము వెదకి కూర్చిన జేమ్స్ మర్రే 1837లో స్కాట్లాండునందలి డెన్‌హోమ్ గ్రామమున ఒక దర్జీ యింట పుట్టెను. 14వ యేటనే బడి మానవలసివచ్చెను. అయినను స్వయముగా చదువుకొని ఉపాధ్యాయుడాయెను.

1879లో ఆక్స్‌ఫర్డు నిఘంటువు పని చేపట్టెను. పదియేండ్లలో ముగించవలెనని తలంపు. అయిదేండ్లకు వచ్చినది 'యాంట్', అనగా చీమ, వరకే! సామెతల గ్రంథము నెరిగినవారు ఈ చీమను చూచి నవ్వుకొందురు గాక.

ఇనుపరేకుల కొట్టములో లక్షలకొలది చీటీల మధ్య ఆయన పాటుపడెను. వాటిలో కొన్ని చీటీలు తప్పిపోయినందున 'బాండ్‌మెయిడ్' అను మాట 1887లో అచ్చయిన భాగమున చేరలేదు. గలతీయులకు వ్రాసిన పత్రికలో హాగరునకు చెప్పబడిన దాసి యను మాట యిదే. దైవభక్తుడైన ఆయనకు ఇది ఎంత వెలితియో!

1915 జూలై 26న, 'టి' అక్షరము ముగియకమునుపే, 78వ యేట ఆయన మరణించెను. నిఘంటువు 1928లో పూర్తియాయెను. తప్పిపోయిన ఆ దాసికి 1933 అనుబంధ సంపుటములో చోటు దొరికెను.