తన ఒంటినే ప్రయోగశాల చేసుకున్న హాల్డేన్‌

మేనరికం సంబంధం అనుకోగానే మన ఇళ్లల్లో సంతోషం వెంటే ఒక సందేహమూ బయల్దేరుతుంది. పుట్టే పిల్లలకు ఏమైనా జబ్బులొస్తాయా అని. బిడ్డ పుట్టుకతోనే జబ్బుతో పుడితే తప్పంతా తల్లి మీదికి నెట్టేసేవారూ ఉన్నారు. నాన్నకు వచ్చిన జబ్బు తనకూ వస్తుందేమోనని నలభై దాటాక దిగులుపడేవారు ఇంకొందరు. ఈ మూడు ప్రశ్నలనూ భయాలతోనో నమ్మకాలతోనో కాకుండా లెక్కలతో తేల్చాలని చూసిన శాస్త్రవేత్త జె.బి.ఎస్‌. హాల్డేన్‌. పుట్టింది ఇంగ్లండ్‌లోనే అయినా జీవితంలో చివరి ఏడేళ్లూ మన దేశాన్నే ఇల్లు చేసుకున్నారు. పౌరసత్వం తీసుకున్నారు, పంచె కట్టారు, శాకాహారిగా మారారు.

గనిలో మొదటి పాఠం

హాల్డేన్‌ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి జాన్‌ స్కాట్‌ హాల్డేన్‌ పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో పేలుళ్లు జరిగినప్పుడు చాలామంది కార్మికులు మంటలతో కాదు, కార్బన్‌ మోనాక్సైడ్‌ పీల్చి చనిపోతున్నారని తేల్చింది ఆయనే. ఆ విషవాయువును ముందే పసిగట్టడానికి గనుల్లోకి చిన్న పక్షుల్ని తీసుకెళ్లాలని సూచించిందీ ఆయనే.

కొడుకును కూడా ఆయన గనుల్లోకి వెంటబెట్టుకుని వెళ్లేవారు. ఒకసారి పైకప్పు కింద మీథేన్‌ వాయువు పేరుకున్న చోట నిలబెట్టి, షేక్‌స్పియర్‌ నాటకంలోని ప్రసంగం ఒకటి అప్పజెప్పమన్నారు. కాసేపటికే పిల్లాడికి ఊపిరాడక కాళ్లు తేలిపోయాయి. నేల మీద పడ్డాక మళ్లీ మామూలుగా ఊపిరి అందింది. మీథేన్‌ గాలికన్నా తేలిక, పైనే ఉంటుందన్న సంగతి ఆ పిల్లాడికి ఇక జన్మలో మరిచిపోయే పని లేకపోయింది.

చదువు మాత్రం గణితం, ప్రాచీన గ్రీకు, లాటిన్‌ సాహిత్యాల్లో సాగింది. సైన్సులో ఆయనకు డిగ్రీ లేదు. అయినా 1915లో చెల్లెలు నయోమీ, ఒక స్నేహితుడితో కలిసి ఎలుకల మీద చేసిన పరిశోధనను ప్రచురించారు. కొన్ని లక్షణాలు తరం నుంచి తరానికి జంటగా అందుతాయని పాలిచ్చే జంతువుల్లో చూపిన మొదటి పరిశోధన అది. అప్పటికే మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఆ స్నేహితుడు యుద్ధంలో చనిపోయాడు. హాల్డేన్‌ మెసపటేమియాలో గాయపడి, కోలుకోవడానికి భారతదేశం వచ్చారు. ఈ దేశం మీద ఇష్టం అప్పుడే మొదలైంది.

ముందు తన మీదే

కొత్త విషయం ఏదైనా ముందు తన ఒంటి మీదే పరీక్షించుకోవడం తండ్రి నుంచి వచ్చిన అలవాటు. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో చూడటానికి అమ్మోనియం క్లోరైడ్‌ తాగి, రోజుల తరబడి ఆయాసపడ్డారు. ఎక్కువ పీడనంలో ఆక్సిజన్‌ పీల్చి మూర్ఛ తెచ్చుకున్నారు. ఆ కుదుపులకు వెన్నుపూస దెబ్బతింది. పీడనం మార్పులకు చెవి కర్ణభేరికి చిల్లు పడింది.

ఇవేవీ సాహసం కోసం చేసినవి కావు. 1939 జూన్‌ 1న థీటిస్‌ అనే బ్రిటిష్‌ జలాంతర్గామి లివర్‌పూల్‌ తీరానికి దగ్గర్లో మునిగిపోయి 99 మంది చనిపోయారు. వారిలో నావికులే కాదు, ఓడను తయారుచేసిన కంపెనీల నుంచి వచ్చిన సిబ్బందీ ఉన్నారు. బతికి బయటపడింది నలుగురే. అసలేం జరిగిందో తేల్చమని కార్మిక సంఘాలు హాల్డేన్‌ను కోరాయి. ఆయన కొందరు వాలంటీర్లతో కలిసి మూసిన ఉక్కు గదిలో గంటల తరబడి కూర్చున్నారు. వదిలిన ఊపిరే మళ్లీ పీలుస్తూ, కార్బన్‌ డయాక్సైడ్‌ పెరిగేకొద్దీ తలనొప్పి, వాంతులు, ఆలోచన మందగించడం ఎలా మొదలవుతాయో నమోదు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈత దళాలకూ, జలాంతర్గాముల సిబ్బందికీ ఇలాంటి పరిశోధనలే అక్కరకొచ్చాయి.

తనకు తెలిసింది కార్మికులకూ తెలియాలన్నది ఆయన పట్టుదల. డైలీ వర్కర్‌ పత్రికలో 300కు పైగా సైన్సు వ్యాసాలు రాశారు. పిల్లల కోసం కథల పుస్తకమూ రాశారు. కోపిష్ఠి అని పేరు. రాజకీయ అభిమానం ఒక్కోసారి ఆయన చూపును మసకబార్చింది కూడా. సోవియట్‌ యూనియన్‌లో లైసెంకో జన్యుశాస్త్రాన్నే తోసిపుచ్చినప్పుడు, గట్టిగా ఖండించాల్సిన హాల్డేన్‌ చాలాకాలం తటపటాయించారు. అయితే జబ్బుతో పుట్టినవారికి బలవంతంగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయాలన్న వాదన ఆ రోజుల్లో బలంగా వినిపిస్తుంటే, అది శాస్త్రానికీ నిలవదని 1938లోనే పుస్తకం రాసి వాదించారు.

తల్లిదే తప్పా?

దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని జబ్బు హిమోఫీలియా. ఇది ఎక్కువగా మగపిల్లల్లోనే కనిపిస్తుంది. జన్యువు మాత్రం చాలావరకు తల్లి నుంచే అందుతుంది. తీవ్రంగా ఉన్నవారు అప్పట్లో పిల్లల్ని కనే వయసుకు రాకముందే చనిపోయేవారు. మరి ఈ జబ్బు ఎప్పుడో అంతరించిపోవాలి కదా? ఎందుకు పోలేదు?

పోయిన జన్యువుల స్థానంలో కొత్తవి పుడుతున్నాయి కాబట్టి, అన్నది హాల్డేన్‌ జవాబు. మనిషి జన్యువులో ఇలాంటి కొత్త మార్పు ఎంత తరచుగా వస్తుందో 1935లో ఆయన లెక్కగట్టారు. వంశంలో ఎవరికీ లేకుండానే ఈ జబ్బు కొత్తగా మొదలవచ్చని దాంతో అర్థమైంది. ఈ రోజుకీ హిమోఫీలియా బాధితుల్లో దాదాపు మూడింట ఒక వంతు మందికి కుటుంబంలో ఆ జబ్బు చరిత్రే ఉండదు. విక్టోరియా మహారాణి సంతానానికి పాకిన హిమోఫీలియా ఆమె తండ్రి బీజకణంలో వచ్చిన మార్పుతో మొదలై ఉండొచ్చని కూడా ఆయన ఊహించారు. ఇలాంటి మార్పులు స్త్రీలలోకన్నా పురుషుల్లోనే ఎక్కువని 1947లో లెక్క చూపారు. జన్యువు తల్లి దగ్గర కనిపించినా, దానికి మూలం తాత కావచ్చు. జబ్బు బిడ్డను కన్న తల్లిని నిందించడంలో అర్థం లేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

నలభై దాటాక వచ్చేవి

హంటింగ్టన్‌ అనే నరాల జబ్బు వంశపారంపర్యంగా వస్తుంది. కానీ సాధారణంగా నడివయసు వరకూ బయటపడదు. అప్పటికే ఆ మనిషికి పిల్లలు పుట్టేసి ఉంటారు. జన్యువు వాళ్లకూ వెళ్లిపోయి ఉంటుంది. చిన్నతనంలోనే ప్రాణం తీసే లోపాలను ప్రకృతి ఏరేస్తుంది గానీ, ఇలా ఆలస్యంగా దెబ్బకొట్టే వాటిని ఏరలేదని హాల్డేన్‌ 1941లో వివరించారు. వయసు పైబడేకొద్దీ ఒంట్లో ఇన్ని లోపాలు ఎందుకు బయటపడతాయనే ప్రశ్నకు తర్వాత పీటర్‌ మెడవార్‌ చెప్పిన సిద్ధాంతానికి ఈ ఆలోచన బాట వేసింది. మనకు పనికొచ్చే మాట ఏమిటంటే, అమ్మానాన్నలకు ఏ జబ్బు వచ్చిందన్నదే కాదు, ఏ వయసులో వచ్చిందన్నదీ రాసిపెట్టుకోవాలి. డాక్టరుకు అది చాలా విలువైన సమాచారం.

తలసీమియా గురించి కూడా ఆయన చెప్పింది ముఖ్యమైనదే. మలేరియా ఎక్కువున్న ప్రాంతాల్లో ఈ జన్యువు ఎందుకు నిలిచిపోయింది? ఒక్క లోపపు జన్యువే ఉన్నవారికి జబ్బు రాదు సరికదా, మలేరియా నుంచి కొంత రక్షణ దొరుకుతుందేమోనని 1949లో ప్రచురించిన పత్రంలో సూచించారు. సికిల్‌సెల్‌ విషయంలో అదే సూత్రాన్ని 1954లో ఆంథొనీ ఆలిసన్‌ ఆఫ్రికాలో నిరూపించారు. తలసీమియా గానీ సికిల్‌సెల్‌ గానీ, దంపతులిద్దరూ ఒకే లోపానికి వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. పెళ్లికి ముందే హెచ్‌పీఎల్‌సీ అనే చిన్న రక్త పరీక్షతో ఈ సంగతి తెలుసుకోవచ్చు.

మేనరికాల లెక్క

1957లో, 64 ఏళ్ల వయసులో, హాల్డేన్‌ లండన్‌ వదిలి భార్య హెలెన్‌ స్పర్వేతో కలిసి కలకత్తాలోని ఇండియన్‌ స్టాటిస్టికల్‌ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చారు. చాలామంది పదవీ విరమణ గురించి ఆలోచించే వయసులో కొత్త దేశంలో కొత్త శిష్యులతో పని మొదలుపెట్టారు. ఖరీదైన పరికరాలు లేవని కూర్చోవద్దని, కళ్లెదుట ఉన్నదాన్ని లెక్కపెట్టమని వారికి నేర్పారు. 1962లో భువనేశ్వర్‌కు మారి అక్కడ జన్యుశాస్త్ర ప్రయోగశాల ఏర్పాటు చేశారు.

ఆ శిష్యుల్లో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఆయన, పి.మీరాఖాన్‌ కలిసి ఆంధ్రప్రదేశ్‌లో మేనరికాలు ఎంత తరచుగా జరుగుతున్నాయో, వాటి ప్రభావం ఏమిటో అధ్యయనం చేసి 1963లో ప్రచురించారు. తెలుగు ఇళ్లలో తరతరాలుగా జరుగుతున్న పెళ్లిళ్లు అలా జన్యుశాస్త్రం లెక్కలోకి ఎక్కాయి.

లెక్క సులువే. మనలో ప్రతి ఒక్కరిలోనూ నిద్రాణంగా కొన్ని లోపపు జన్యువులుంటాయి. ఒక్కటే ఉంటే హాని చేయవు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి అలాంటిదే మరొకటి కలిస్తేనే జబ్బు. బావామరదళ్ల జన్యువుల్లో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడివి. మేనమామ, మేనకోడళ్లలో అది నాలుగో వంతు. అందుకే లోపాలు జతకలిసే అవకాశం పెరుగుతుంది. బయటి సంబంధాల్లో నూటికి రెండు మూడు కాన్పుల్లో పుట్టుకతో వచ్చే లోపాలు కనిపిస్తే, బావామరదళ్ల పెళ్లిళ్లలో అది సుమారు రెట్టింపు. మేనమామ సంబంధాల్లో ఇంకా ఎక్కువ. అంటే మేనరికం చేసుకున్న చాలామందికి ఆరోగ్యవంతులే పుడతారు. అలాగని ముప్పు లేదనుకోవడమూ పొరపాటే. ఇప్పటికే పెళ్లయి ఉంటే గర్భం దాల్చక ముందే జన్యు కౌన్సెలింగ్‌కు వెళ్లడం, పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష చేయించడం మేలు. కుటుంబంలో చిన్నతనంలో పోయినవారి గురించి, ఎదుగుదల లేని పిల్లల గురించి దాచకుండా చెప్పాలి.

కాకినాడకు చివరి ప్రయాణం

హాల్డేన్‌కు పురీషనాళ క్యాన్సర్‌ వచ్చింది. లండన్‌లో శస్త్రచికిత్స జరిగింది. క్యాన్సర్‌ పేరు పైకి చెప్పడానికే జనం జంకే 1964లో ఆయన ఆసుపత్రి మంచం మీది నుంచే తన జబ్బు గురించి హాస్య కవిత రాసి పత్రికలో అచ్చువేయించారు. లక్షణాలు కనిపించగానే సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్లమన్నదే దాని సారం. తిరిగొచ్చి పనిలో పడ్డారు గానీ, జబ్బు మళ్లీ తలెత్తింది. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు.

మలంలో రక్తం పడితే మొలలేలే అని సర్దుకోకూడదు. కొన్ని వారాలుగా విరేచనం తీరు మారినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత కనిపించినా పరీక్ష చేయించుకోవాలి. అమ్మానాన్నలకు గానీ తోబుట్టువులకు గానీ పెద్దపేగు క్యాన్సర్‌ వచ్చి ఉంటే, 40 ఏళ్ల నుంచి లేదా వారికి బయటపడిన వయసుకు పదేళ్ల ముందు నుంచి, ఏది ముందైతే అప్పటి నుంచి కొలనోస్కోపీ గురించి డాక్టరును అడగాలి.

బతికినన్నాళ్లూ తన ఒంటిని పరీక్షలకు అప్పగించిన మనిషి పోయాక కూడా దాన్ని దాచుకోలేదు. ఆయన రాసిన వీలునామా మేరకు దేహాన్ని కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు, తెలుగు విద్యార్థులు దాని మీద పాఠం నేర్చుకోవడానికి.