ఫిడేలు నాయుడుగారు

1919లో విజయనగర ప్రభువు విజయరామ గజపతిరాజుగారు సంగీత కళాశాలను నెలకొల్పారు. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ఆ కళాశాలలో విద్యార్థిగా చేరుదామని ఇరవయ్యారేళ్ళ యువకుడొకరు వచ్చారు. పరీక్షకు ఫిడేలు వాయించారు. వాయించిన పిమ్మట పెద్దలు ఆయనను విద్యార్థిగా చేర్చుకోలేదు; ఫిడేలు ఆచార్యునిగా నియమించారు. ఆ యువకుడే ద్వారం వెంకటస్వామినాయుడుగారు. ఈ కథ తెలుగువారిలో పలువురు ఎరిగినదే. ఆ పరీక్షకు ముందు గడచిన సంవత్సరాల సంగతి మాత్రం అంతగా చెప్పుకోరు.

ఆయన 1893 నవంబరు 8న, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించారు. తండ్రి సైన్యోద్యోగి. తరువాత కుటుంబం విశాఖపట్టణం చేరింది. బాలునికి చూపు మందం. నల్లబల్ల మీది అక్షరాలు ఆనని పిల్లవానికి పాఠశాలలో ఎంతకాలమని చోటుంటుంది? చదువు నడుమనే ఆగిపోయింది. ఇతర వృత్తులకు దారి మూసుకొన్న ఆ వయస్సులో అన్నగారు వెంకటకృష్ణయ్యగారు తమ్ముని చేతికి ఫిడేలు ఇచ్చి, తామే గురువై పాఠం చెప్పారు.

ఫిడేలు సులభంగా లొంగే వాద్యం కాదు. వీణకు ఇరవైనాలుగు మెట్లున్నాయి, గిటారుకూ మెట్లున్నాయి. వేలు ఎక్కడ ఆనాలో మెట్టే చెబుతుంది. ఫిడేలు పలకమీద అటువంటి గుర్తేదీ లేదు. వెంట్రుకవాసి తేడా వచ్చినా స్వరం చెడుతుంది. కంటిచూపు చక్కగా ఉన్నవారికి సైతం ఇక్కడ చెవియే దిక్కు. ఈ ఒక్క విషయంలో నాయుడుగారు తోటివారికి తీసిపోలేదు.

ఇంతకంటె కష్టమైనది కుడిచేతి పని. వీణను మీటినప్పుడు, గిటారు తీగలపై చేతిని జార్చినప్పుడు, ఆ దెబ్బయే కాలాన్ని తెలుపుతుంది. తాళం తప్పితే పక్కనున్న పసివాడికైనా తెలిసిపోతుంది. ఫిడేలులో అటువంటి దెబ్బ లేదు. కమాను తీగమీద ఎడతెగకుండా సాగుతూ ఉంటుంది. అది వెనుకకు మరలే చోట, అదిమి వదిలే చోట లయ దాగి ఉంటుంది. అందుచేతనే సరళీవరుసలనాడే ఈ చేతికి శిక్షణ మొదలవుతుంది. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు. మొదటి కాలంలో అక్షరానికొక స్వరం, రెండవ కాలంలో రెండు, మూడవ కాలంలో నాలుగు. తాళం వేగం మారదు, స్వరాలే రెట్టింపవుతాయి. ఒక స్వరానికి ఒక కమాను లాగిన చేయి, పిదప అదే లాగులో రెండు స్వరాలను, నాలుగు స్వరాలను సమంగా పంచాలి. కమాను ముందుగా అయిపోరాదు, మిగిలిపోనూరాదు. నూలు మగ్గమెక్కకముందే కట్లు కట్టి రంగులద్దే పోచంపల్లి నేతగాడు, చీరలో ఏ పువ్వు ఎక్కడ తేలాలో ముందే లెక్క వేసుకొంటాడు. కమాను లెక్క కూడ అటువంటిదే. సరళీల తరువాత జంటవరుసలు, సప్త తాళాల అలంకారాలు, గీతాలు, వర్ణాలు: పాఠక్రమం అందరికీ ఒకటే. బాలపాఠాలను తొందరగా దాటిపోవాలనుకొనే విద్యార్థి నేడూ ఉన్నాడు. వాని కమానే వానిని పట్టి ఇస్తుంది.

విజయనగర కళాశాలకు సంబంధించిన ఒక ముచ్చట ఇక్కడ చెప్పదగినది. ఒక అంధ బాలునికి సంగీత విద్య చెప్పించవలసివచ్చిన సందర్భమే ఆ కళాశాల స్థాపనకు కారణమని ప్రసిద్ధి. చూపు మందమై బడి విడిచిన నాయుడుగారికి అక్కడ ఆచార్యపీఠం లభించింది. 1936లో నారాయణదాసుగారి అనంతరం అధ్యక్షపదవి కూడ ఆయనదే అయింది. ఘంటసాల వెంకటేశ్వరరావు, పి. సుశీల చదివిన కళాశాల అదే.

ఉద్యోగం దొరికినంత మాత్రాన ఆయన సాధన ఆగలేదు. ఫిడేలు ఐరోపానుండి వచ్చిన వాద్యం. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల వద్ద దానిని నేర్చి మన సంగీతానికి తెచ్చినారు. దానిని నేలమీద కూర్చుండి, పాదానికీ రొమ్ముకూ నడుమ ఆనించి వాయించే పద్ధతి మనది. నాయుడుగారు ఆ పద్ధతి విడువలేదు. పాశ్చాత్య విద్వాంసుల వాదనాన్ని మాత్రం శ్రద్ధగా విని, వారి కమానులోని నిండుదనాన్ని, నాదశుద్ధిని తమ చేతికి తెచ్చుకొన్నారు. రాగస్వరూపం మనది, కమాను నిగ్రహం ఉభయులదీ. ఈ కలయికలో అతుకు కనబడకుండుట ఆయన గొప్పతనం.

ఆ కాలంలో ఫిడేలుకు వేదికమీద ఉన్న స్థానం గాయకుని పక్కన. గాయకుడు పాడినది అనుసరించి, విడిచిన చోట నింపుట దాని పని. 1938లో వేలూరులో నాయుడుగారు ఫిడేలునే ప్రధాన వాద్యంగా చేసి కచేరి చేశారు. సాహిత్యం పలికే గాత్రం లేదు. పదాల విరుపు, తాళం నడక, తానంలోని గతి సమస్తం కమానే చెప్పాలి. చిన్ననాటి మూడు కాలాల పాఠానికి అంతకంటె కఠినమైన పరీక్ష ఏముంటుంది?

1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారు సంగీత కళానిధి బిరుదమిచ్చారు. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. జగత్ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసుడు యెహూదీ మెనూహిన్ మన దేశానికి వచ్చినప్పుడు, న్యాయమూర్తి పి. వి. రాజమన్నారు గారింట నాయుడుగారి వాదనం విని ముగ్ధుడయ్యాడు. పుట్టిననాటినుండి ఆ వాద్యం తమదే అనుకొన్న సంప్రదాయంలో పెరిగిన మనిషి అతడు.

1952లో ఢిల్లీలో అంధుల సహాయనిధి కోసం నాయుడుగారు ఒక కచేరి చేశారు. బిరుదుల పట్టికలో ఇది కనిపించదు.

1964 నవంబరు 25న ఆయన కన్నుమూశారు. కుమార్తె మంగతాయారుగారు తండ్రివద్ద నేర్చిన ఫిడేలుతోనే పేరు తెచ్చుకొన్నారు.