ఊపిరికి కొలత నేర్పిన ఇంజనీరు

మానవుడు అన్నం లేకుండా కొన్ని వారాలు, నీరు లేకుండా కొన్ని దినాలు జీవించగలడు గాని, ఊపిరి లేకుండా కొద్ది నిమిషాలకు మించి బ్రతకజాలడు. ఆ ఊపిరిని యంత్రసహాయంతో దినాల తరబడి నిలుపవచ్చునని నిరూపించినవాడు వైద్యుడు కాడు, ఇంజనీరు. అతడే ఫిలిప్ డ్రింకర్.

డ్రింకర్ 1894లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో జన్మించినాడు. తండ్రి లీహై విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడు. అన్న సెసిల్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు. చెల్లెలు కేథరిన్ జీవితచరిత్ర రచయిత్రిగా కీర్తి గడించింది. ఫిలిప్ రసాయన ఇంజనీరింగు చదివి హార్వర్డులో చేరినాడు. కర్మాగారాలలోని ధూళి, విషవాయువులు కార్మికులకు చేసే కీడును పరిశోధించడమే అతని ప్రధాన వృత్తి.

ఆ కాలంలో పోలియో సోకిన పిల్లలు అనేకులు శ్వాసకండరాలు చచ్చుబడి కన్నుమూసేవారు. సహచరుడైన లూయీ షా, పిల్లి తలను మాత్రం వెలుపల ఉంచి, దేహాన్ని మూసిన పెట్టెలో అమర్చి దాని శ్వాసను కొలిచేవాడు. పిల్లి ఊపిరి తీసినప్పుడెల్లా పెట్టెలోని గాలి ఒత్తిడి మారేది. ఆ క్రమాన్ని తలక్రిందులు చేస్తే? ఒత్తిడిని మనమే మార్చితే ఊపిరి ఆడదా? డ్రింకర్ కండరాలు స్తంభించిన పిల్లిని పెట్టెలో ఉంచి, పిచికారీతో గాలిని లాగుతూ, నింపుతూ దానిని బ్రతికించినాడు.

పిదప మనిషి పట్టే లోహపు పెట్టె తయారైంది. లోపలి ఒత్తిడి తగ్గినప్పుడు రోగి ఛాతీ వ్యాకోచించి ముక్కుద్వారా గాలి ప్రవేశిస్తుంది; ఒత్తిడి యథాస్థితికి రాగానే వెలువడుతుంది. ఒత్తిడి ఎంత ఉండవలెనో, నిమిషానికి ఎన్నిమార్లు మారవలెనో సరిచూసుకొనే ఏర్పాటు దానికి కలదు. 1928 అక్టోబరులో బోస్టన్ బాలల వైద్యాలయంలో స్పృహ తప్పిన ఎనిమిదేండ్ల బాలికను అందులో ఉంచగా, కొద్ది నిమిషాలలోనే తెలివి వచ్చింది. అయినా కొన్ని దినాలకు ఆమె న్యుమోనియాతో మరణించింది. మరుసటి సంవత్సరం ఒక హార్వర్డు విద్యార్థి యంత్రబలంతో గండం గడచి బయటపడినాడు. ‘ఇనుప ఊపిరితిత్తి’ పేరు లోకమంతటా మ్రోగింది.

కీర్తితో పాటు కలహమూ వచ్చింది. 1931లో ఎమర్సన్ అనే ఆవిష్కర్త మరింత తేలికైన, చౌకైన యంత్రాన్ని నిర్మించగా, డ్రింకర్ పక్షం వ్యాజ్యం వేసి ఓడిపోయింది. పేటెంటు హక్కులు రద్దయినవి. రోగులకు అది మేలే అయింది.

1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించినప్పుడు, గొంతు కూడా చచ్చుబడిన రోగులకు ఈ పెట్టె చాలలేదు. బ్యోర్న్ ఇబ్సెన్ శ్వాసనాళంలో గొట్టం అమర్చి, వైద్యవిద్యార్థులచేత సంచిని పిసికించి గాలిని లోనికి పంపించినాడు. నేటి వెంటిలేటర్ల మార్గం అదే. అయితే గాలిని లోనికి నెట్టేటప్పుడు ఒత్తిడి మితిమీరితే ప్రాణం పోసే గాలియే ఊపిరితిత్తులను గాయపరుస్తుంది. తీవ్రమైన శ్వాసవైఫల్యం గల 861 మందిపై జరిగిన పరిశోధన 2000లో ప్రకటితమైంది. ఎత్తును బట్టి లెక్కించిన బరువులో కిలోకు 12 మిల్లీలీటర్లకు బదులు 6 మిల్లీలీటర్ల గాలినిచ్చి, ఊపిరితిత్తులలో ఒత్తిడి 30 సెంటీమీటర్ల నీటిమట్టాన్ని మించకుండా చూడగా, మరణాలు నూటికి 40 నుండి 31కి తగ్గినవి.

డ్రింకర్ 1972లో మరణించినాడు. అతని ఇనుప పెట్టెలు నేడు దాదాపు ప్రదర్శనశాలలకే పరిమితం. కాని ఊపిరి పోయడమే కాదు, ఎంత పోయవలెనో తెలియడం కూడ వైద్యమేనన్న పాఠం ప్రతి రోగి మంచం ప్రక్కన నేటికీ నిలిచి ఉన్నది.