రహీం సాహెబ్, సిటీ పోలీసు జట్టు

మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబ్ పేరు మన పెద్దవాళ్ళకు కొత్త కాదు. 2024లో 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చినాక పిల్లలు కూడా తెలుసుకున్నారు. సినిమాలో దేశం జట్టు కథే యెక్కువ. మేమిక్కడ దానికి వెనక వున్న హైదరాబాదు సిటీ పోలీసు జట్టు సంగతి కూడా చెప్పదలిచినాము.

రహీం సాహెబ్ 1909లో పుట్టినారు. వృత్తికి స్కూలు మాస్టరు. హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా వుండి, 1950 నుంచి పోలీసు జట్టుకు శిక్షణ యిచ్చినారు.

ఆ కాలంలో ఆటకు డబ్బు తీసుకునేవాడికి ఒలింపిక్సులో చోటు లేదు. మరి బీదింటి పిల్లవాడు రోజూ ఆడుతుంటే యిల్లు గడిచేదెట్లా? సిరిసిల్లలో సాంచా నడిపే కుర్రవాడికి, జగిత్యాల, కోరుట్లలో తల్లి బీడీలు చేస్తే పొయ్యి వెలిగే యింటి పిల్లవాడికి యీ ప్రశ్న బాగా తెలుసు. బొంబాయిలో టాటా వంటి కంపెనీలు ఆటగాళ్ళకు పని యిచ్చి టీములు నడిపినాయి. హైదరాబాదులో ఆ పని పోలీసు శాఖ చేసింది. నౌకరి వుంది గనుక ఆట నిలిచింది.

సాహెబ్ శిక్షణ కూడా మాస్టరు పద్ధతే. బలం లేని కాలితోనే ఆడాలని ఒక టోర్నమెంటు, బంతిని డ్రిబ్లింగు చేయకుండా వెంటనే అందించాలని మరొకటి, పొడుగును బట్టి పిల్లలకు వేరే పోటీలు. ఖర్చు లేదు, బుర్ర వుంది! ఫలితం చూడండి: 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు, 1950లోనూ 1954లోనూ డ్యూరాండ్ కప్పు. ఆ జట్టు నుంచే నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటివాళ్ళు ఒలింపిక్సు దాకా పోయినారు.

దేశం జట్టుతో 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చినారు. మరుసటి యేడు హెల్సింకీలో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తుగా ఓడిపోయినారు. మనవాళ్ళు చాలామంది బూట్లు లేకుండా ఆడినారు. అంత అవమానం తర్వాత వేరొకరైతే యింట్లో కూర్చునేవారు. ఈయన నాలుగేండ్లలో మెల్‌బోర్న్‌లో జట్టును నాలుగో స్థానానికి తెచ్చినారు.

1962లో జకార్తాకు పోయేనాటికి ఊపిరితిత్తుల క్యాన్సరు ఆయనను తినేస్తున్నది. ఫైనల్లో దక్షిణ కొరియా; స్టేడియంలో లక్షమంది దాకా జనం, మనవైపు చప్పట్లు కొట్టేవాళ్ళు బహు తక్కువ. తలకు కుట్లు పడిన బ్యాకు జర్నైల్ సింగును ముందువరుసలో నిలబెట్టినారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు, 2-1తో గెలిచినాము. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో ఆ తర్వాత మనకు మళ్ళీ బంగారం రాలేదు.

1963 జూన్ 11న సాహెబ్ వెళ్ళిపోయినారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది, అదే చివరిసారి. ఉస్తాదు లేని లోటు ఒకటి. ఆట చూసి బీద పిల్లవాడిని నౌకరీలో పెట్టుకునే ఆ పాత వాడుక పలచబడటం అంతకంటే పెద్ద లోటని మా అభిప్రాయం.