పది తప్పిన పిల్లకి దుర్గాబాయమ్మ కథ

మా సూళ్లూరుపేట చుట్టుపక్కల పల్లెల్లో ఆడపిల్ల పది తప్పితే ఇంట్లో రెండే మాటలు. సంబంధం చూడాల, లేకుంటే పద్దెనిమిది నిండినాక శ్రీసిటీ కంపెనీ బస్సెక్కించాల. మళ్లీ చదివించే మాట యాడో గానీ రాదు. అట్టాంటి ఇంటికి పోయినప్పుడు నేను దుర్గాబాయమ్మ సంగతి ఎత్తుతా.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ అంటే రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషని గ్రూప్స్‌కి చదివే పిల్లకాయలకి తెలుసు. ఆయమ్మ కూడా మధ్యలో బడి మానేసిన పిల్లే అనేది శానామందికి తెలీదు.

1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్లకే పెళ్లి చేసేసినారు. ఊహ తెలిసినాక ఆ కాపురం నాకొద్దని తేల్చేసింది. నాయన, తోడబుట్టినోడు ఆమె పక్కనే నిలబడినారు. ఆ కాలంలో ఒక నాయన అట్టా నిలబడ్డమంటే చిన్న సంగతి కాదబ్బా, ఇప్పుడు కూడా కాదు. ఇంగ్లీషులో చదువు చెప్తా ఉండారనే కోపంతో పన్నెండేళ్లకి బడి వదిలేసింది. తనకొచ్చిన హిందీని ఆడపిల్లలకి చెప్పేదానికి సొంతంగా బడి పెట్టింది. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఖద్దరు ప్రదర్శన వాకిట్లో నిలబడి, టికెట్టు లేదని నెహ్రూనే ఆపేసింది. అందరూ నెహ్రూని ఆపిన సంగతే చెప్తారు. పద్నాలుగేళ్ల పిల్లని నమ్మి వాకిలి అప్పజెప్పినారే, నాకు అదే పెద్దది.

ఉప్పు సత్యాగ్రహంలో దిగి 1930 నించి 1933 లోపల మూడుసార్లు జైలుకి పోయింది. మదురై జైల్లో ఒంటరి కొట్టులో పెట్టినారు. బయటికొచ్చేసరికి ఇరవై నాలుగేళ్లు, చేతిలో మెట్రిక్ కూడా లేదు. బడికి పోకుండానే బెనారస్ మెట్రిక్ పరీక్ష కట్టే వీలుంటే ఆ దారి పట్టింది. ఆంధ్రా యూనివర్సిటీ బీఏ ఆ తర్వాత. 1942కి మద్రాసులో లా కూడా అయిపోయింది.

అసలు సంగతి ఈ మధ్యలోనే ఉండాది. తన చదువు అయ్యేదాకా ఆగలేదు. 1937లో మైలాపూరులో చుట్టుపక్కల తెలుగు ఆడపిల్లల్ని కూర్చోబెట్టుకుని అదే బెనారస్ పరీక్షకి పాఠాలు చెప్పడం మొదలుపెట్టింది. ఆంధ్ర మహిళా సభ పుట్టింది అట్టానే. ఆస్పత్రి, కాలేజీలు అన్నీ తర్వాత వచ్చినవి. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలైంది. చదువు ఆగిపోయిన ఆడవాళ్లకి కొద్దికాలంలోనే పరీక్ష రాయించే కోర్సులు ఆ బోర్డు 1958లో పెట్టింది. 1981లో పోయింది.

మైలాపూరు మనకి దూరమేం కాదు, పేటలో లోకలెక్కితే పొద్దున పోయి మాపటికి వచ్చేయొచ్చు. బెనారస్ దాకా చూడబన్లేదు కూడా. పద్నాలుగు నిండితే ఓపెన్ స్కూల్లో పది కట్టొచ్చు. కట్టేవాళ్లు ఉండారు, కూర్చోబెట్టి లెక్కలు, ఇంగ్లీషు చెప్పేవాళ్లే లేరు. మా వీధిలోనే డిగ్రీ అయిపోయి నోటిఫికేషన్ కోసం ఫోను చూసుకుంటా ఉండేవాళ్లు నలుగురు ఉండారు. సాయంత్రం ఆరు దాటితే పంచాయతీ ఆఫీసు వరండా ఖాళీ, లైటు కూడా వెలుగుతానే ఉంటాది.