అట్ట గిటార్ చేసిన వడ్రంగి

మన కాలేజీలో గిటార్ పట్టిన ప్రతి ఒక్కరికీ ఫెండర్ తెలుసు, గిబ్సన్ తెలుసు. కస్టమ్ షాప్ గిటార్ ఫొటో కనిపిస్తే చాలు, సీరియల్ నంబర్ చూసి అది ఏ ఏడాదిదో గంటసేపు వాదించుకునేవాళ్ళూ ఉన్నారు. కానీ నైలాన్ తీగల క్లాసికల్ గిటార్‌కి ఇవాళ్టి రూపం ఇచ్చిన మనిషి పేరు అడిగితే మాత్రం తల గోక్కుంటారు. ఆయన ఆంటోనియో దె టోరెస్. స్పెయిన్ దేశపు వడ్రంగి. ఆయన గురించి నేను రాయాలనుకోవడానికి కారణం ఒక ప్రయోగం. దాని దగ్గరికి వస్తాను, ముందు కథ వినండి.

టోరెస్ 1817 జూన్ 13న స్పెయిన్ దక్షిణాన ఆల్మెరియా దగ్గర లా కన్యాదా అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి పన్నులు వసూలు చేసే చిరుద్యోగి. పన్నెండో ఏట కొడుకుని వడ్రంగి పనిలో పెట్టాడు. కుర్రాడు ఎదిగేసరికి దేశంలో అంతర్యుద్ధం, సైన్యంలోకి పిలుపు. అందులోంచి బయటపడ్డాక 1835లో హడావిడిగా పెళ్ళి. పెళ్ళికూతురికి పదమూడేళ్ళు. ముగ్గురు పిల్లలు పుడితే ఇద్దరు పసితనంలోనే పోయారు. 1845లో భార్య క్షయతో చనిపోయింది, ఆమెకి అప్పటికి ఇరవై మూడేళ్ళే. వీటికి తోడు అప్పులు. ముప్పై ఏళ్ళు నిండకుండానే ఇంత చూసిన మనిషి ఊరు వదిలి సెవిల్ నగరం చేరాడు.

అక్కడ ఆయన గిటార్లు చేయడం మొదలుపెట్టినా, దాన్నే వృత్తిగా తీసుకున్నది 1850ల్లో. హూలియన్ ఆర్కాస్ అనే పేరున్న వాద్యకారుడు వెన్నుతట్టాడు. అప్పటి గిటార్ చిన్నది, గది దాటితే వినపడేది కాదు. టోరెస్ దాని ఒంటిని పెద్దది చేశాడు. పై పలకని బాగా పలచగా చిత్రిక పట్టి, కాస్త ఉబ్బెత్తుగా వంచాడు. పలచన చేస్తే తీగల లాగుడుకి పలక కుంగిపోతుంది కదా? అందుకని లోపలివైపు ఏడు సన్నని పట్టీలు విసనకర్ర పుల్లల్లా పరిచి అతికించాడు. విసనకర్ర పట్టీలు ఆయన కనిపెట్టినవి కావు, అంతకు ముందే స్పెయిన్‌లో ఉన్నాయి. పలక మందం, ఉబ్బు, పట్టీల అమరిక, ఒంటి కొలత, ఈ నాలుగింటినీ ఒకదానితో ఒకటి కుదిర్చింది మాత్రం ఆయనే. 650 మిల్లీమీటర్ల తీగ పొడవు స్థిరపడిందీ ఆయన గిటార్లతోనే. 1856లో చేసిన లా లియోనా, అంటే ఆడసింహం, ఈ దారిలో మొదటి మైలురాయి. 1858లో సెవిల్ ప్రదర్శనలో ఆయనకి కాంస్య పతకం వచ్చింది.

ఇక ఆ ప్రయోగం. గిటార్ శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుంది, పై పలక నుంచా, పక్కల నుంచా, వెనక నుంచా? టోరెస్ నమ్మకం పై పలకే అని. నమ్మి ఊరుకోలేదు. 1862లో పై పలకని మామూలుగా మంచి స్ప్రూస్ చెక్కతో చేసి, పక్కలూ వెనకా మొత్తం కాగితపు అట్టతో కట్టాడు. మిగతా వేరియబుల్స్‌ని పక్కకి తోసి ఒక్కదాన్నే పరీక్షించడం అంటే ఇదే. ల్యాబు లేదు, ఫ్రీక్వెన్సీ మీటర్ లేదు. చిత్రిక, జిగురు, చెవి, అంతే. ఆ అట్ట గిటార్ ఇప్పుడు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది.

1869లో పదిహేడేళ్ళ ఫ్రాన్సిస్కో తార్రెగా సెవిల్‌లో ఆయన దగ్గరికి వచ్చి, 1864లో చేసిన ఒక గిటార్ తీసుకున్నాడు. పాత నోకియా ఫోన్ రింగ్‌టోన్ గుర్తుందా? ఆ ముక్క తార్రెగా స్వరపరిచిన గ్రాన్ వాల్స్‌లోదే. ఆ గిటార్ ఇరవై ఏళ్ళపాటు అతని చేతిలో మోగింది.

ఇంత పేరున్నా ఇల్లు గడవలేదు. రెండో పెళ్ళి చేసుకున్న టోరెస్, 1870 ప్రాంతంలో ఆల్మెరియాకి తిరిగొచ్చి పింగాణీ సామాన్ల కొట్టు పెట్టుకున్నాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధనిపించేది ఇక్కడే. గిటార్‌ని మార్చేసిన చేతులు కప్పులూ సాసర్లూ అమ్మాయి. 1875లో మళ్ళీ పని మొదలుపెట్టి, గిటార్ లోపల అతికించే చీటీ మీద రెండో దశ అని అచ్చు వేయించి, వరస నంబర్లు వేశాడు. 1883లో రెండో భార్య కూడా పోయాక ఏడాదికి పన్నెండు దాకా చేశాడు. 1892 నవంబర్ 19న కన్నుమూశాడు.

ఆ చీటీలే తర్వాతివాళ్ళకి ఆధారం. మొదటి దశ గిటార్లకి నంబర్లు లేవు. హొసే లూయిస్ రొమానిల్లోస్ అనే గిటార్ తయారీదారు ఒక్కొక్క వాద్యాన్నీ కొలిచి, వరస పెట్టి, 1987లో పుస్తకం వేశాడు. దొంగ చీటీలు అతికించిన నకిలీలూ బయట ఉన్నాయి కాబట్టి చీటీ ఒక్కటే సరిపోదు, పట్టీల తీరు, పనితనం కూడా కలవాలి.

చివరి రోజుల్లో ఆయనకి సాయంగా ఉన్న ఒక చర్చి ఫాదర్ తర్వాత రాసిన ఉత్తరం ప్రకారం, మీ రహస్యం మీతోనే పోకూడదని ఎవరో అంటే టోరెస్, అది తనతో సమాధికి రాక తప్పదన్నాడట. దాచుకుని కాదు. పలక సరైన మందానికి వచ్చిందో లేదో బొటనవేలూ చూపుడువేలూ చెప్పాలి, ఆ వేళ్ళని ఎవరికీ ఇవ్వలేడు కదా.

ఇవాళ ఆయన పలకల మందం మిల్లీమీటరులో పదో వంతు దాకా మన దగ్గర ఉంది. ఆ డ్రాయింగ్ చూసి ఎవరైనా కోసేయొచ్చు. కానీ ఏ రెండు చెక్కలూ ఒకేలా వంగవు. కొలత అతని చెక్కకి సరైనది, మన చెక్కకి మన వేళ్ళే చెప్పాలి. వర్క్‌షాపులో ఆకురాయి పట్టేటప్పుడు నాకీ మాట గుర్తొస్తుంటుంది. డ్రాయింగ్ దగ్గర ఆగిపోయినవాడికీ, ముక్కని తడిమి చూసినవాడికీ తేడా ఉంటుంది. టోరెస్ ఆ రెండో రకం.