మతిమరుపు గుట్టు పట్టిన అల్జీమర్

పెద్దావిడ పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. కొన్నాళ్లకు మనవడి పేరు మరిచింది. ఏడాది తిరక్కుండా సొంత వీధిలోనే దారి తప్పింది. బళ్లారి కానీండి, హోసూరు కానీండి, బరంపురం కానీండి, మన ఇళ్లలో దీనికి పెట్టే పేరు ఒకటే... చాదస్తం. వయసు మీద పడిందిలే అని సర్దుకుపోతాం. దీని వెనుక మెదడుకొచ్చిన జబ్బు ఉండొచ్చని మొదట చూపించిన వారిలో ముఖ్యుడు అలోయిస్ అల్జీమర్. జబ్బు పేరు చాలామంది విన్నదే. అది ఒక మనిషి పేరన్నది మాత్రం అందరికీ తట్టదు.

1864 జూన్ 14న జర్మనీలోని బవేరియాలో మార్క్ట్‌బ్రైట్ అనే చిన్న ఊళ్లో ఆయన పుట్టారు. తండ్రి నోటరీ. బెర్లిన్, ట్యూబింగెన్, వుర్జ్‌బర్గ్‌లలో చదివి 1887లో డాక్టరయ్యారు. పట్టా కోసం ఆయన రాసిన వ్యాసం దేని మీదో తెలుసా? చెవిలో గులిమి తయారుచేసే గ్రంథుల మీద! సూక్ష్మదర్శిని మోజు అప్పటిదే.

1888లో ఫ్రాంక్‌ఫర్ట్ పిచ్చాసుపత్రిలో చేరారు. మరుసటి ఏడాది ఫ్రాంజ్ నిస్ల్ అనే మరో కుర్ర డాక్టరు వచ్చారు. మెదడు కణాలు స్పష్టంగా కనబడేలా రంగు వేసే పద్ధతి కనిపెట్టింది ఈయనే. ఇద్దరికీ జోడీ కుదిరింది. రోగుల్ని కట్టిపడేయడం తగ్గించి, గోరువెచ్చని నీళ్ల తొట్టెల్లో కూర్చోబెట్టి శాంతింపజేసే పద్ధతి అక్కడ నడిచింది. రోగుల్ని చూడటం, తీరిక దొరికితే సూక్ష్మదర్శిని ముందు కూర్చోవడం... అదే లోకం.

1894లో సెసీలియా అనే సంపన్న వితంతువును పెళ్లాడారు. ముగ్గురు పిల్లలు. 1901 ఫిబ్రవరిలో ఆమె కన్నుమూశారు. పిల్లల్ని చూసుకోవడానికి సోదరి వచ్చింది. ఆయన పనిలో మునిగిపోయారు.

అదే ఏడాది నవంబరు 25న ఆసుపత్రికి వచ్చింది ఆగస్టె డేటర్. రైల్వే గుమాస్తా భార్య. వయసు 51 ఏళ్లే. భర్త మీద లేనిపోని అనుమానాలు, వంట పాడుచేయడం, వస్తువులు ఎక్కడెక్కడో దాచడం. అల్జీమర్ ఆమె దగ్గర కూర్చుని ఓపిగ్గా ప్రశ్నలడిగారు. భర్త పేరడిగితే తన పేరే చెప్పింది. పందిమాంసం, కాలీఫ్లవర్ తింటూ ఏం తింటున్నావంటే పాలకూర అంది. పేరు రాయమంటే శ్రీమతి అని రాసి ఆగిపోయింది. తనను తానే పోగొట్టుకున్నానన్న అర్థం వచ్చే మాట ఆమె నోట వెలువడింది. ఏ ప్రశ్నకు ఏ జవాబో అన్నీ ఆయన కాగితం మీద పెట్టారు. రోగి పొంతన లేని మాటల్ని అంత శ్రద్ధగా రాసుకున్న డాక్టరు, నా లెక్కన, ఆ పనితోనే సగం జబ్బును పట్టేశారు.

తరువాత అల్జీమర్ మ్యూనిక్‌లో ప్రసిద్ధ మానసిక వైద్యుడు క్రేపెలిన్ దగ్గరికి వెళ్లారు. అక్కడ కొంతకాలం జీతం లేకుండానే పనిచేశారు. శిష్యుల పక్కన కూర్చుని సూక్ష్మదర్శినిలో చూపిస్తూ చుట్ట పక్కన పెట్టి మరిచిపోయేవారట. సాయంత్రానికి ప్రతి బల్ల దగ్గరా ఒక చుట్ట ముక్క మిగిలేదని చెబుతారు.

ఊరు మారినా ఆగస్టెను మరువలేదు. 1906 ఏప్రిల్ 8న ఆమె చనిపోతే కేసు కాగితాలు, మెదడు మ్యూనిక్‌కు తెప్పించుకున్నారు. వెండి లవణంతో రంగు వేసి చూస్తే రెండు విషయాలు బయటపడ్డాయి. కణాల లోపల చిక్కుపడ్డ నూలు పోగుల్లాంటివి. కణాల బయట కొర్రగింజల్లా పేరుకున్న పదార్థం. ఆ నవంబరు 3న ట్యూబింగెన్‌లో వైద్యుల సభలో ఈ సంగతి చెప్పారు. ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు. 1910లో క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఈ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టారు.

1912లో బ్రెస్లౌలో ప్రొఫెసర్ పదవి వచ్చింది. అక్కడికి వెళ్తూ రైల్లోనే జబ్బుపడ్డారు. మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. 1915 డిసెంబరు 19న పోయారు. ఆయనకూ 51 ఏళ్లే. ఫ్రాంక్‌ఫర్ట్‌లో భార్య పక్కనే సమాధి.

ఆయన పేరు చాలాకాలం నడివయసు రోగులకే పరిమితమైంది. ముసలివాళ్లకొస్తే వయసు ఖాతాలో వేసేవారు, అచ్చం మనలాగే. 1960ల్లో ఇంగ్లండులోని న్యూకాజిల్ పరిశోధకులు మతి తప్పిన వృద్ధుల మెదళ్లలోనూ ఆ గింజల్నే లెక్కపెట్టి చూపాకే అభిప్రాయం మారింది. ఆ పదార్థం అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముక్క అని 1984లో, చిక్కుల్లో ఉన్నది టౌ ప్రొటీన్ అని ఆ తరువాత తేలింది. ఆగస్టె కేసు కాగితాలు 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దొరికాయి. అమిలాయిడ్‌ను తొలగించే లెకానెమాబ్ మందుకు 2023లో అమెరికా పూర్తి అనుమతి ఇచ్చింది. అది తొలిదశ రోగుల్లో జబ్బు వేగాన్ని కొంత తగ్గిస్తుందే తప్ప నయం చేయదు. మెదడు వాపు, రక్తస్రావం ముప్పు కూడా ఉంది. అమిలాయిడ్ జాడను రక్తంలోనే పసిగట్టే పరీక్షకు 2025లో అక్కడే అనుమతి వచ్చింది.

సరిహద్దు తెలుగువాళ్లకు పనికొచ్చే కబురొకటి మన హైదరాబాద్ నుంచే వచ్చింది. నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల్ని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువురాని వాళ్లలోనూ ఈ తేడా కనబడింది. జబ్బు రాదని కాదు, ఆలస్యమైందని. దీనిపై శాస్త్రవేత్తల మధ్య వాదనలున్నాయి. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడే మనవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. డాక్టరు మతిమరుపు పరీక్ష చేసేటప్పుడు పెద్దాయనకు బాగా వచ్చిన భాషలోనే ప్రశ్నలడిగించండి. వస్తువు పేరు మరిచారా, ఆ భాషలో పేరే తెలియదా అన్నది అప్పుడే తేలుతుంది.